కిడ్నీకి ముక్క పరీక్ష: భయం కన్నా ఆలస్యమే ప్రమాదం



మన గోదావరి జిల్లాల్లో కాలు వాచిందంటే అందరికీ మొదట గుర్తుకు వచ్చేది బోదకాలు. తరతరాలుగా ఈ డెల్టాలో ఆ జబ్బును చూసినవాళ్ళం కనుక అలా అనుకోవడం సహజమే. అయితే ఆ అలవాటు వలన కొందరు వేరే పెద్ద జబ్బును నెలల తరబడి గుర్తించకుండా వదిలేస్తున్నారు.

కొన్ని సంవత్సరాల క్రితం ఒక లంక గ్రామం నుండి ఇరవై నాలుగేళ్ళ కోడలిని అత్తగారు మా ఓ.పి.కి తీసుకువచ్చారు. అమ్మాయి రెండు కాళ్ళూ ఉబ్బి ఉన్నాయి. "బోదకాలండి సిస్టరమ్మగారూ. నాలుగు నెలల నుంచి పసరు పట్టు వేయిస్తన్నామండి, తగ్గట్లేదండి" అన్నారు అత్తగారు. మేము కాలి మీద వేలితో నొక్కి చూశాము. గుంట పడింది, వెంటనే పూడలేదు. పొద్దున్న లేచేసరికి కళ్ళ చుట్టూ ఉబ్బుతున్నదని, కీళ్ళు నొప్పులని, జుట్టు ఊడిపోతున్నదని ఆ అమ్మాయి మెల్లగా చెప్పింది. బోదకాలు ఎక్కువగా ఒక కాలికి వస్తుంది, ముఖం ఉబ్బదు. వెంటనే మూత్రం పరీక్ష చేశాము. ఆల్బుమిన్ మూడు ప్లస్సులు. ఎర్ర రక్తకణాలు కూడా ఉన్నాయి.

డాక్టరుగారు ఆమెను రాజమండ్రిలో కిడ్నీ నిపుణుల దగ్గరకు పంపారు. ఆయన చూసి, కిడ్నీ నుండి చిన్న ముక్క తీసి పరీక్ష చేయాలి, అంటే బయాప్సీ చేయాలి అన్నారు. ఆ సాయంత్రమే అత్తాకోడళ్ళిద్దరూ మళ్ళీ మా దగ్గరకు వచ్చేశారు. "కిడ్నీకి సూది పొడుస్తారంటండి. ఉన్న కిడ్నీ కూడా పాడైపోద్దంటండి. మాకొద్దండి. ఇక్కడే ఏదో మందియ్యండి" అన్నారు.

ఈ మాట మేము ఎన్నోసార్లు విన్నాము. దానికి మేము చెప్పే జవాబే ఈ వ్యాసం.

మూత్రపిండం ఎలా పనిచేస్తుంది?

ధవళేశ్వరంలో ఉన్నవారికి ఇది చెప్పడం తేలిక. 1847లో పని మొదలుపెట్టి 1852 నాటికి కాటన్ దొరగారు ఇక్కడ ఆనకట్ట కట్టించారు. దాని స్థానంలో వచ్చిన ఇప్పటి బ్యారేజీకి ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలలో కలిపి 175 గేట్లు ఉన్నాయి. నీటిని అదుపు చేసేవి గేట్లు, ఊళ్ళకు చేర్చేవి కాలువలు, కాలువను నిలబెట్టేవి గట్లు.

మన ప్రతి మూత్రపిండంలోనూ సుమారు పది లక్షల చిన్న చిన్న వడపోత గుత్తులు ఉంటాయి. వాటిని గ్లోమెరులస్‌లు అంటారు. ఇవి గేట్ల వంటివి. రక్తంలోని నీటిని, మలినాలను కిందికి వదులుతాయి గాని, ప్రొటీన్‌ను, రక్తకణాలను పోనివ్వవు. వాటి కింద సన్నని గొట్టాలు ఉంటాయి. ఇవి కాలువల వంటివి. శరీరానికి కావలసిన నీటిని, ఉప్పులను తిరిగి తీసుకుని మిగిలినదానిని మూత్రంగా పంపుతాయి. గొట్టాల మధ్య ఉండే కణజాలం గట్ల వంటిది.

గేట్లు పాడైతే ప్రొటీన్ మూత్రంలోకి కారిపోతుంది. మూత్రంలో నురగ ఎక్కువగా వచ్చి చాలాసేపు నిలుస్తుంది. ముఖం, కాళ్ళు ఉబ్బుతాయి. కొందరికి మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తుంది. గొట్టాలు, వాటి మధ్య కణజాలం పాడైతే మాత్రం నురగ ఉండకపోవచ్చు, వాపు కూడా ఉండకపోవచ్చు. రక్తంలో క్రియాటినిన్ లోలోపల పెరిగిపోతుంది. ఈ రెండు దారులను గుర్తుపెట్టుకుంటే మిగిలిన విషయమంతా సులభంగా అర్థమవుతుంది.

ఒకే వాపు, ఎన్నో జబ్బులు

మా వార్డులో పక్కపక్క మంచాల మీద ముగ్గురు రోగులు పడుకుని ఉండవచ్చు. ముగ్గురికీ ఒళ్ళంతా నీరు పట్టి ఉంటుంది, ముగ్గురి మూత్రంలోనూ ఆల్బుమిన్ ఉంటుంది. పైకి చూస్తే ఒకటే జబ్బు. అయినా ఒకరికి కొన్ని వారాల ప్రెడ్నిసొలోన్ బిళ్ళలతో తగ్గిపోతుంది. ఇంకొకరికి రెండు మూడు సంవత్సరాల పాటు బలమైన మందులు కావాలి. మూడో మనిషికి ఆ మందులు అనవసరం, వాడితే నష్టం కూడా. ఎవరు ఏ రకమో స్కానింగు చెప్పలేదు. స్కానింగులో కిడ్నీ సైజు, రాళ్ళు, అడ్డంకులు తెలుస్తాయి గాని, వడపోత గుత్తి లోపల ఏమి జరుగుతున్నదో తెలియదు. సూక్ష్మదర్శిని కింద ముక్కను చూస్తేనే తెలుస్తుంది.

సూదితో కిడ్నీ ముక్క తీసే పద్ధతి కొత్తదేమీ కాదు. డెన్మార్కు వైద్యులు ఐవర్సెన్, బ్రూన్ 1951లో తమ పద్ధతిని ప్రచురించారు. 1954లో అమెరికాలోని చికాగో వైద్యులు కార్క్, ముర్కీ రోగిని బోర్లా పడుకోబెట్టి చేసే పద్ధతిని చూపించారు. నేటికీ ఎక్కువగా అలాగే చేస్తున్నారు.

మనవాళ్ళలో ఏమి కనిపించింది?

హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రి వైద్యులు 1990 నుండి 2008 వరకు 19 సంవత్సరాలలో చేసిన 1,849 కిడ్నీ బయాప్సీల వివరాలను 2011లో ప్రచురించారు. మన దేశంలో మొదటి కిడ్నీ మార్పిడి విజయవంతంగా జరిగిన వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రి కూడా 1986 నుండి 2002 వరకు చేసిన 5,415 బయాప్సీలను లెక్క కట్టింది. రెండు చోట్లా ఎక్కువ భాగం గేట్ల జబ్బులే, అంటే గ్లోమెరులస్ జబ్బులే. నిమ్స్‌లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించినది మినిమల్ చేంజ్ అనే రకం. ఒళ్ళంతటికీ వచ్చే జబ్బు వలన కిడ్నీ చెడిన వారిలో మొదటి స్థానం లూపస్‌ది.

ఇక్కడ ఒక మాట గమనించాలి. షుగరు వలన కిడ్నీ చెడిన వారికి సాధారణంగా బయాప్సీ చేయరు. కారణం ముందే తెలుసు కనుక. అందుచేత బయాప్సీ లెక్కల్లో తక్కువ కనిపించినంత మాత్రాన షుగరు వలన కిడ్నీలు చెడడం తక్కువ అనుకోకూడదు. మన దేశంలో దీర్ఘకాలపు కిడ్నీ జబ్బుకు పెద్ద కారణం షుగరే.

ముక్కలో కనిపించే ముఖ్యమైన రకాలు

1. మినిమల్ చేంజ్ జబ్బు: పిల్లల్లో ఎక్కువ. మామూలు సూక్ష్మదర్శినిలో ముక్క బాగానే ఉన్నట్లు కనిపిస్తుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులోనే మార్పు తెలుస్తుంది. పిల్లల్లో నూటికి తొంభై మంది వరకు స్టెరాయిడ్ మందుకు లొంగుతారు. మళ్ళీ మళ్ళీ తిరగబెట్టవచ్చు గాని, కిడ్నీ చెడిపోవడం అరుదు.

2. ఎఫ్.ఎస్.జి.ఎస్.: కొన్ని వడపోత గుత్తులలో కొంత భాగం మచ్చ కడుతుంది. మినిమల్ చేంజ్ లాగానే వాపుతో వస్తుంది, కాని మందుకు అంత తొందరగా లొంగదు. నెలల తరబడి ఓపికతో వైద్యం చేయాలి.

3. మెంబ్రేనస్ జబ్బు: పెద్దవారిలో వాపుకు ముఖ్య కారణాలలో ఒకటి. 2009లో దీనికి సంబంధించిన పి.ఎల్.ఎ.2.ఆర్. అనే యాంటీబాడీని కనుగొన్నారు. ఇప్పుడు కొందరిలో ఆ రక్త పరీక్ష పాజిటివ్ వస్తే బయాప్సీ లేకుండానే వైద్యం మొదలుపెట్టగలుగుతున్నారు.

4. ఐజీఏ జబ్బు: జలుబు, గొంతునొప్పి వచ్చిన ఒకటి రెండు రోజుల్లోనే మూత్రం ఎర్రగా రావడం దీని గుర్తు. 1968లో పారిస్‌లో డాక్టర్ బెర్జే దీనిని గుర్తించారు. చాలామందికి ఏ గుర్తూ లేకుండా బి.పి. మాత్రమే ఉంటుంది. ముప్పై ఏళ్ళ లోపు వారికి బి.పి. వస్తే మూత్రం పరీక్ష తప్పనిసరి అని మేము అందుకే చెబుతాము.

5. లూపస్ కిడ్నీ: పెళ్ళీడు ఆడపిల్లల్లో, చిన్న వయసు తల్లుల్లో ఎక్కువ. కీళ్ళ నొప్పులు, బుగ్గల మీద ఎర్రని మచ్చలు, నోటిలో పుండ్లు, జుట్టు ఊడడం, జ్వరం ఉంటాయి. బయాప్సీలో దీనిని ఆరు తరగతులుగా విభజిస్తారు. ఏ తరగతి అన్నదాని మీదనే వైద్యం ఆధారపడుతుంది.

6. క్రెసెంటిక్ జబ్బు: ఇది అగ్నిప్రమాదం వంటిది. రోజుల్లో, వారాల్లో కిడ్నీలు ఆగిపోతాయి. బయాప్సీ వెంటనే చేసి అదే రోజు మందు మొదలుపెట్టిన సందర్భాలు ఉన్నాయి. వారం ఆలస్యం కూడా చాలా ఎక్కువే.

7. మందుల వలన వచ్చే వాపు: నొప్పి బిళ్ళలు, కొన్ని యాంటీబయాటిక్‌లు, గ్యాస్‌కు రోజూ వాడే కొన్ని బిళ్ళల వలన గొట్టాల మధ్య కణజాలం వాచిపోతుంది. తొందరగా గుర్తించి మందు ఆపితే చాలామంది కోలుకుంటారు.

8. అమిలాయిడ్: చాలాకాలంగా క్షయ, కుష్ఠు వంటి జబ్బులు ఉన్నవారి కిడ్నీలలో పేరుకునే ఒక పదార్థం. ముక్కకు కాంగో రెడ్ అనే రంగు వేస్తే బయటపడుతుంది.

9. పాముకాటు తరువాత: వరి చేలలో రక్తపింజరి కరిస్తే కొందరికి మూత్రం ఆగిపోతుంది. చాలామందికి డయాలసిస్ మీద ఉంచితే కొన్ని వారాల్లో మూత్రం తిరిగి వస్తుంది. రాకపోతే, గొట్టాలు మాత్రమే దెబ్బతిన్నాయా, కిడ్నీ పైపొర మొత్తం చచ్చిపోయిందా అని బయాప్సీ చెబుతుంది. అసలు కాటు పడగానే కట్లు కట్టకుండా, పసరుకు పోకుండా విరుగుడు ఇంజక్షన్‌కు వస్తే ఇంత దూరం రాదు.

నాటు మందు, తెల్లబడే క్రీము

మెంబ్రేనస్ జబ్బులో నెల్-1 అనే ఒక రకాన్ని ఇటీవలి సంవత్సరాలలో గుర్తించారు. ఈ రకం వచ్చిన వారిలో చాలామంది నాటు మందులు వాడినవారని వెల్లూరు వైద్యులు 2022లో ప్రచురించారు. కొన్ని మందులలో పాదరసం ఉన్నట్లు తేలింది. తరువాత కేరళలోని మలప్పురం జిల్లా వైద్యులు, చర్మం తెల్లబడడానికి క్రీములు రాసుకున్న వారిలో ఇదే రకం చూశామని తెలిపారు. అక్కడా పాదరసమే. చాలామందికి ఆ మందు, ఆ క్రీము ఆపిన తరువాత ప్రొటీన్ పోవడం తగ్గింది.

ముక్క పరీక్షలో ఆ రకం కనిపించబట్టే "అమ్మా, ముఖానికి ఏమి రాస్తున్నావు?" అని వైద్యులు అడగగలిగారు. కనుక బయాప్సీకి వెళ్ళినప్పుడు వాడిన మందులు, క్రీములు, పసర్లు అన్నీ సిగ్గుపడకుండా చెప్పండి. వీలైతే డబ్బా తీసుకువెళ్ళండి.

ఉద్దానం చెప్పే పాఠం

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం సంగతి పేపర్లలో చదివి "ఆ జబ్బు మనకీ వస్తాదాండి?" అని మమ్మల్ని చాలామంది అడుగుతుంటారు. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల ప్రాంతం అది. కొబ్బరి, జీడి, పనస తోటలతో పచ్చగా ఉండే నేల. అక్కడ పెద్దవారిలో నూటికి సుమారు 18 మందికి కిడ్నీ జబ్బు ఉన్నట్లు 2019లో ప్రచురించిన సర్వేలో తేలింది. వారిలో ఎక్కువమందికి షుగరు లేదు, బి.పి. లేదు, మూత్రంలో ప్రొటీన్ కూడా లేదు.

అక్కడి రోగుల ముక్క పరీక్షలలో ఎక్కువగా కనిపించినది గేట్ల జబ్బు కాదు, కాలువలు గట్ల జబ్బు. గొట్టాలు ఎండిపోయి, వాటి మధ్య కణజాలం మచ్చకట్టి ఉంటుంది. శ్రీలంకలో అనురాధపురం చుట్టుపక్కల వరి రైతుల్లోనూ, మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్, నికరాగువా చెరకు కూలీల్లోనూ ముఖ్యంగా గొట్టాల భాగమే దెబ్బతింటున్నట్లు చూశారు. ఎండలో పని, ఒంట్లో నీరు తగ్గడం, తాగే నీరు, పురుగుమందులు, నొప్పి బిళ్ళలు, వంశపారంపర్యం అన్నిటినీ పరిశోధకులు చూస్తున్నారు. ఉద్దానానికి ఇదీ కారణమని ఒక్కదానిని తేల్చి చెప్పలేకపోయారు. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధనా కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. ఊళ్ళకు నదీ జలాలను పైపుల ద్వారా అందించే పథకం కూడా అదే రోజు మొదలైంది.

కారణం తేలదేమో అని నిరాశపడనక్కరలేదు. బెల్జియంలో సన్నబడడానికి మూలికలు వాడిన స్త్రీలకు కిడ్నీలు వేగంగా చెడిపోయాయని 1993లో వైద్యులు ప్రచురించారు. ముక్క పరీక్షలో గొట్టాల మధ్య మచ్చ కనిపించింది. వెదకగా అరిస్టోలోకియా అనే మొక్క దోషి అని తేలింది. యూరప్‌లో డాన్యూబు నది ఉపనదుల ఊళ్ళలో దశాబ్దాలుగా అంతుచిక్కని కిడ్నీ జబ్బుకు కూడా ఆ జాతి మొక్కే కారణమని తరువాత తెలిసింది. మన పొలాల్లో కనిపించే గాడిదగడపాకు, ఈశ్వరి తీగ ఆ కుటుంబానివే. వాటి పసరు, కషాయం తాగవద్దని మా మనవి.

ఉద్దానం మనకు నేర్పే పాఠం ఒకటే. వాపు లేదు, నురగ లేదు కనుక కిడ్నీ బాగుంది అనుకోవద్దు. ఎండలో కష్టపడేవారు, నొప్పి బిళ్ళలు తరచుగా మింగేవారు, ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బు ఉన్నవారు మూత్రం పరీక్షతో పాటు రక్తంలో క్రియాటినిన్ పరీక్ష కూడా సంవత్సరానికి ఒకసారి చేయించుకోవాలి.

మేము చేసిన పొరపాటు

ఇక్కడ మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. రైసుమిల్లులో బస్తాలు మోసే నలభై ఏళ్ళ మనిషి ఒకాయన మా వార్డులో చేరాడు. నడుము నొప్పికి రోజూ రెండు మూడు నొప్పి బిళ్ళలు వేసుకునేవాడు. క్రియాటినిన్ పెరిగి ఉంది. స్కానింగులో కిడ్నీలు మామూలు సైజులోనే ఉన్నాయి. అంటే ఇంకా అవకాశం ఉన్నదని అర్థం. బయాప్సీకి పెద్ద ఆసుపత్రికి వెళ్ళమని డాక్టరుగారు రాశారు. ఆయన భార్య భయపడి "వద్దండి, ఇంటికెళ్ళిపోతామండి" అంది. ఆ రోజు వార్డు నిండా రోగులు. మేము కాగితం మీద సంతకం పెట్టించుకుని పంపించేశాము. ఎందుకు వద్దంటున్నారు, ఎవరు ఏమి చెప్పారు అని అడగనేలేదు.

ఎనిమిది నెలల తరువాత ఆయాసంతో తిరిగి వచ్చాడు. ఈసారి స్కానింగులో రెండు కిడ్నీలూ కుంచించుకుపోయి ఉన్నాయి. పెద్ద ఆసుపత్రికి పంపితే "ఇప్పుడు బయాప్సీ చేసి లాభం లేదు, అంతా మచ్చే ఉంటుంది" అన్నారు. వారానికి మూడుసార్లు డయాలసిస్ మొదలైంది. "అప్పుడే ఒక్క మాట గట్టిగా చెప్పకపోయారా సిస్టరమ్మగారూ" అని ఆయన భార్య అడిగింది. మా దగ్గర జవాబు లేదు. ముందే చేయించుకుంటే తప్పకుండా బాగయ్యేవాడు అని మేము అనము. కాని ఆ అవకాశం ఆయనకు దక్కలేదు, అందులో మా భాగం ఉన్నది.

అప్పటి నుండి మా వార్డులో ఒక నియమం పెట్టుకున్నాము. ఎవరికి బయాప్సీ రాసినా, ఒక సిస్టరు ఆ కుటుంబంతో కుర్చీ వేసుకుని కూర్చోవాలి. మొదట వాళ్ళ భయం వినాలి, ఆ తరువాతే మనం చెప్పాలి. లంక గ్రామం నుండి వచ్చిన ఆ అత్తాకోడళ్ళతో మేము అలాగే కూర్చున్నాము. వాళ్ళకు చెప్పినదే మీకూ చెబుతున్నాము.

ముక్క పరీక్ష ఎలా చేస్తారు?

ముందుగా రక్తం గడ్డకట్టే పరీక్షలు, ప్లేట్‌లెట్ల లెక్క, బి.పి., మూత్రంలో ఇన్ఫెక్షన్, స్కానింగు చూస్తారు. బి.పి. ఎక్కువగా ఉంటే తగ్గించిన తరువాతే చేస్తారు. ఆస్పిరిన్, రక్తం పలుచన చేసే మందులు వాడేవారు ముందే చెప్పాలి. ఎన్ని రోజుల ముందు ఆపాలో డాక్టరే చెబుతారు. గుండె జబ్బు ఉన్నవారు ఆ బిళ్ళలను సొంతంగా ఆపకూడదు.

రోగిని పొట్ట కింద దిండు పెట్టి బోర్లా పడుకోబెడతారు. మత్తు ఇచ్చి నిద్రపుచ్చనక్కరలేదు. వీపు మీద ఆ చోటు మాత్రమే మొద్దుబారేటట్లు ఇంజక్షన్ ఇస్తారు. స్కానింగులో చూస్తూ కిడ్నీ కింది కొసకు సూది పంపుతారు. "ఊపిరి బిగబట్టండి" అంటారు. స్ప్రింగు సూది 'టక్' మని శబ్దం చేస్తుంది. ఆ శబ్దానికి ఉలిక్కిపడవద్దు. ముక్క దారంలా సన్నగా, ఒకటి రెండు సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. సాధారణంగా రెండు ముక్కలు తీస్తారు. పది లక్షల గుత్తులలో పది ఇరవై మాత్రమే అందులో ఉంటాయి. కనుక "కిడ్నీ కోసేస్తారు" అనే మాట నిజం కాదు.

తరువాత ఆరు గంటల నుండి ఒక రోజు వరకు వెల్లకిలా పడుకుని విశ్రాంతి తీసుకోవాలి. ఈ సమయం నర్సులదే. మొదట పావుగంటకొకసారి, తరువాత అరగంటకు, గంటకు నాడి, బి.పి. చూస్తాము. ప్రతిసారి పోసిన మూత్రాన్ని వేరు వేరు సీసాలలో వరుసగా పెట్టి రంగు పోల్చి చూస్తాము. ఎరుపు ఉంటే సీసా సీసాకూ తగ్గుతున్నదా, పెరుగుతున్నదా అన్నదే ముఖ్యం.

ప్రమాదం అసలు లేదని చెప్పము. వేలాది బయాప్సీల లెక్కలు కలిపి చూస్తే, నూటికి ముగ్గురు నలుగురికి మూత్రంలో రక్తం కంటికి కనిపిస్తుంది. చాలామందికి అదే తగ్గిపోతుంది. రక్తం ఎక్కించవలసి వచ్చేది నూటికి ఒకరి కన్నా తక్కువ మందికి. కిడ్నీ తీసివేయవలసి రావడం పదివేలలో ఒకరికి. ప్రాణాపాయం కూడా పదివేలలో ఒకరిద్దరికే. తెలియని జబ్బుకు తెలియని మందు వాడడంలో ఉన్న ప్రమాదం ఇంతకంటే చాలా పెద్దది.

ఇంటికి వెళ్ళిన తరువాత రెండు వారాలు బరువులు ఎత్తకూడదు, బిందెలు మోయకూడదు. మూత్రం ఎర్రగా వచ్చినా, గడ్డలు పడినా, మూత్రం ఆగినా, నడుము నొప్పి ఎక్కువైనా, కళ్ళు తిరిగినా వెంటనే ఆసుపత్రికి రావాలి.

అందరికీ అవసరమా?

కాదు. ఒకటి నుండి పది సంవత్సరాల లోపు పిల్లలకు మొదటిసారి ఒళ్ళు ఉబ్బితే సాధారణంగా ముందు స్టెరాయిడ్ మందు ఇచ్చి చూస్తారు. మందుకు లొంగకపోతేనే బయాప్సీ. గజ్జి పుండ్లు, గొంతునొప్పి వచ్చిన రెండు మూడు వారాలకు పిల్లలకు మూత్రం టీ రంగులో వస్తే అది చాలావరకు కొద్ది వారాల్లో తగ్గుతుంది, ముక్క అక్కరలేదు. కాని ఆసుపత్రిలో బి.పి. చూపించి తీరాలి. చాలాకాలంగా షుగరు ఉండి, కళ్ళలో కూడా మార్పులు ఉన్నవారికి సాధారణంగా చేయరు. కిడ్నీలు కుంచించుకుపోయినవారికి, రక్తస్రావ గుణం ఉన్నవారికి చేయరు.

మీరు చేయవలసినవి

1. రెండు కాళ్ళు లేక ముఖం ఉబ్బితే, పట్టు వేయించే ముందు మూత్రం పరీక్ష చేయించండి.
2. మూత్రంలో నురగ నిలిచినా, రంగు మారినా అదే వారంలో చూపించండి.
3. షుగరు, బి.పి. ఉన్నవారు సంవత్సరానికి ఒకసారైనా మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ చూపించుకోండి.
4. డాక్టరు చీటీ లేకుండా నొప్పి బిళ్ళలు కొనవద్దు.
5. పిల్లల గజ్జిని, చర్మపు పుండ్లను అశ్రద్ధ చేయవద్దు.
6. బయాప్సీ చేయాలంటే "ఏ జబ్బు అనుకుంటున్నారు? రిపోర్టు వస్తే వైద్యం ఎలా మారుతుంది?" అని డాక్టరును అడగండి. అడగడం మీ హక్కు.
7. ఖర్చు గురించి భయపడి ఆగిపోవద్దు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ అని పిలిచే పథకంలో ఏమి వర్తిస్తాయో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి.
8. బయాప్సీ రిపోర్టును భద్రంగా దాచుకోండి. పదేళ్ళ తరువాత కూడా అది పనికి వస్తుంది.

ఆ కోడలి సంగతి చెప్పి ముగిస్తాము. మరునాడు వాళ్ళు బయాప్సీకి వెళ్ళారు. లూపస్, నాలుగో తరగతి అని రిపోర్టు వచ్చింది. బలమైన మందులు అవసరమైన రకం అది. మొదటి ఆరు నెలలు కష్టంగానే గడిచాయి. ముఖం గుండ్రమైంది, జ్వరాలు వచ్చాయి, రెండుసార్లు మా వార్డులోనే పడుకుంది. మందు మాత్రం మానలేదు. ఇప్పుడు మూత్రంలో ప్రొటీన్ దాదాపు లేదు, క్రియాటినిన్ మామూలుగా ఉంది. మూడు నెలలకొకసారి మా దగ్గరకు వచ్చి బి.పి., మూత్రం చూపించుకుంటుంది. ఈ జబ్బు తిరగబెట్టవచ్చు కనుక ఆ రాకపోకలు ఆగకూడదని ఆమెకు తెలుసు.

అత్తగారు ఇప్పటికీ తోడు వస్తారు. కిందటిసారి ఓ.పి. బెంచీ మీద కాళ్ళు ఉబ్బిన ఒక పెద్దాయన కనిపిస్తే, మేము పలకరించే లోపే ఆమె అడిగేశారు: "బోదకాలని ఎవరు చెప్పారండి మీకు? ముందు మూత్రం చూపించుకోండి."

– నర్సింగ్ సూపరింటెండెంట్, వార్డు సిస్టర్లు, ధవళేశ్వరం